మీకు తెలుసా? వైకింగ్ గొడ్డలిదీ, అగరియా గొడ్డలిదీ ఒకే విద్య

పాత పద్ధతిలో వైకింగ్ గొడ్డలి చేయాలంటే ఇనుమును కరిగించకూడదు! వెయ్యేళ్ల కిందటి స్కాండినేవియా కొలిమిలో ఖనిజంలోని ఆక్సిజన్‌ను బొగ్గు లాగేసేది. చిట్టెం కారిపోయి, గుల్లగా ఇనుప ముద్ద మిగిలేది. దాన్ని మళ్లీ కాల్చి, సమ్మెటతో మోది శుద్ధి చేసేవారు. ఆ మెత్తని ఇనుముతో గొడ్డలి తల చేసి, అంచుకు ఉక్కు ముక్కను కొలిమి వేడిలోనే అతికేవారు.

మన పొరుగు ఛత్తీస్‌గఢ్‌లో, దానికి ఆనుకున్న మధ్యప్రదేశ్‌లో అగరియా గిరిజనులు ఇనుము తీసిందీ ఇలాగే. మట్టి కొలిమి, కట్టెబొగ్గు, కాళ్లతో తొక్కే తిత్తులు, అంతే! ఈ అపురూప నైపుణ్యాన్ని మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లో ‘ది అగరియా’ పుస్తకంలో నమోదు చేశారు.

అదే ఛత్తీస్‌గఢ్‌లో, రాయ్‌పూర్ దగ్గరి సిల్తరాలోని స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు నేటికీ ఖనిజాన్ని కరిగించకుండానే ఇనుము తీస్తున్నాయి.