పురుగును చూసి పెరిగే పన్ను

2021 చివర్లో పల్నాడు, ప్రకాశం మిరపతోటల్లోకి నల్లతామర పురుగు దిగింది. పూతలో చేరి రసం పీల్చేసింది. పూత రాలిపోయింది, కాయ వంకర్లు తిరిగింది. మందు కొట్టిన వారానికే మళ్లీ స్ప్రేయరు భుజానికెత్తుకోవాల్సి వచ్చింది. కొందరు విసిగి తోటలే పీకేశారు.

రసాయన పురుగుమందుల మీద జీఎస్టీ 18 శాతం. లక్ష రూపాయల బిల్లులో పదిహేను వేలకు పైగా పన్నే. వ్యాపారి అయితే తాను కొన్నదానిమీద కట్టిన పన్నును అమ్మినప్పుడు మినహాయించుకుంటాడు. పండించి అమ్ముకునే రైతుకు ఆ లెక్కే లేదు, కట్టింది కట్టినట్టే పోతుంది. ఆదాయపు పన్ను మనిషి సంపాదనను చూసి పెరుగుతుంది. ఆ ఏడాది మిరప రైతు కట్టిన పన్ను పురుగును చూసి పెరిగింది.

అయినా బడ్జెట్ రోజుల్లో ప్రతి ఏడాదీ ఒక మాట వినపడుతూనే ఉంటుంది: రైతులు పన్ను కట్టరు, భారమంతా జీతగాళ్ల మీదే అని. జీతగాడి బాధ అబద్ధం కాదు. అతని జీతం చేతికి రాకముందే టీడీఎస్ కోత పడుతుంది, దాచడానికి వీలుండదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడకుండా ఊరట ఇచ్చారు గానీ, ఆ గీత దాటినవాడికి పక్కవాడు ఎంత కడుతున్నాడన్న అనుమానం పోదు. ఆ అనుమానం న్యాయమైనదే. వేలు చూపిస్తున్నదే తప్పు మనిషి వైపు.

చట్టం ఏమంటోందో చూడండి. ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయాన్ని మినహాయించింది. వ్యవసాయ ఆదాయం అంటే చెమటోడ్చి పండించినదే కాదు, సాగుభూమి మీద వచ్చే కౌలు కూడా. హైదరాబాదులో ప్రాక్టీసు చేసే డాక్టరుకు వినుకొండ దగ్గర పదెకరాలుంటే ఆ కౌలు వ్యవసాయ ఆదాయమే. ఆయన ఆ చేలో ఏళ్ల తరబడి కాలు పెట్టకపోయినా అంతే. ఆ పదెకరాల్లో పత్తో మిరపో వేసేది కౌలు రైతు. మినహాయింపు అతనికీ ఉంది, కానీ దాన్ని వాడుకోవాలంటే ముందు మిగులుండాలి. మిరపకు కౌలు చాలాచోట్ల విత్తనం పడకముందే చెల్లించాలి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ధరలు కూలిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్కకట్టేనాటికి, భూయజమాని చేతిలో కౌలు పడి నెలలు గడిచాయి. నష్టమంతా దున్నినవాడిది. పన్నులేని రాబడి పట్టా ఉన్నవాడిది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కె.ఎన్. రాజ్ కమిటీ 1972లో చేసిన సిఫారసుతో మరుసటేడాది నుంచి ఒక సర్దుబాటు వచ్చింది. పన్ను పడేంత ఇతర ఆదాయం ఉన్నవాళ్లకు ఏడాదికి 5,000 దాటిన వ్యవసాయ ఆదాయాన్ని కూడా కలిపి రేటు కడతారు. కాబట్టి కౌలును నిజాయతీగా చూపించే డాక్టరుకు ఇతర సంపాదన మీద పన్ను పెరుగుతుంది. కానీ కౌలు నోటిమాట మీద, నోట్ల కట్టల్లో చేతులు మారే చోట ఎందరు చూపిస్తారు? కంపెనీలకైతే ఈ సర్దుబాటు వర్తించనే వర్తించదు.

అసలు ఈ మినహాయింపు ఎందుకొచ్చింది? 1860లో తొలి ఆదాయపు పన్ను సాగు రాబడినీ వదల్లేదు. 1886 చట్టం వదిలేసింది. భూమి శిస్తు ఎటూ గుంజుతున్నారు, మళ్లీ ఇంకో పన్నెందుకన్నది అప్పటి వాదన. ఆ శిస్తు ఎంత బరువో ఈ నేలకు తెలుసు. 1922లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట నిలబడి శిస్తు కట్టబోమన్నారు. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు. అదే ఏడాది పల్నాడులో అడవిలో పశువుల్ని మేపుకోవడానికి పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును తూటాలు బలిగొన్నాయి. అంతకుముందే మున్సిపల్ పన్నుల్ని ఎదిరించి చీరాల పేరాల జనం ఊళ్లు ఖాళీ చేసి రామనగరంలో పాకలు వేసుకున్నారు. ఇప్పుడు శిస్తు నామమాత్రం. దానికి బదులుగా ఇచ్చిన మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు. అది పట్టాతో పాటు నడుస్తూ, నాగలి ఎవరి చేతిలో ఉందో అడగకుండా వస్తోంది.

పన్ను తీసేసినా రైతుకు దెబ్బ తగిలే సందర్భాలున్నాయి. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు చివరిదాకా పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. మిల్లులకు ఊపిరి పోసిన నిర్ణయమే. కానీ ఇక్కడ పత్తి తీతలు మొదలై సరుకు మార్కెట్టుకొచ్చే నెలలు కూడా అవే.

మళ్లీ కౌలు సంగతికొస్తే, రాజ్యాంగం ప్రకారం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. కాబట్టి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. సాగు చేసేవాడి ఆదాయాన్ని ముట్టుకోకుండా, చెయ్యనివాడికి వచ్చే పెద్ద కౌలు మీద పన్ను వేసే చట్టం అమరావతిలోనే చేయవచ్చు. ఆ డబ్బుతో, ఈ-పంటలో నమోదైన సాగుదారుకు పురుగుమందుల మీద పడిన పన్నును తిరిగి ఇవ్వవచ్చు. యజమాని ఆ పన్నును కౌలులోనే కలిపి వసూలు చేస్తాడనే అభ్యంతరం ఉంది. తేలిగ్గా కొట్టిపారేసేది కాదది. అందుకే కౌలుదారు పేరు కాగితం మీదికి రావడం ముందు జరగాలి.

అది జరగడం లేదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు పదకొండు నెలలు చెల్లే సాగుదారు కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. భూమి ఎక్కడ చేజారుతుందోనని చాలామంది పెట్టరు. పీఎం కిసాన్ ఆరువేలు తమ పేరున భూమి ఉన్నవాళ్లకే. పాసుపుస్తకంలో కౌలుదారు లేడు. కార్డు లేకపోతే బ్యాంకు పంటరుణంలోనూ లేడు. పురుగుమందుల షాపువాడు రాసిచ్చే బిల్లు మీద మాత్రం అతని పేరుంటుంది. ఆ కింద రెండు వరుసలు: కేంద్ర జీఎస్టీ 9 శాతం, రాష్ట్ర జీఎస్టీ 9 శాతం.