మనసు బీడుపడిన వేళ

నిత్యమును దీపము వెలిగింతుము, తులసికి నీళ్లు పోయుదుము, స్తోత్రము చదువుదుము. అయినను మనసున తడి యుండదు. నోరు నామమును పలుకుచుండ చిత్తము వంటింటి లెక్కలలో తిరుగుచుండును. ఇట్టి దినములు ఒక్కొకప్పుడు గొప్ప దుఃఖము వెనుక వచ్చును. ఒక్కొకప్పుడు కారణమే కానరాదు. దేవుడు తమ్ము విడిచెనేమో యని లోలోన కుములుచు, ఆ మాట పైకి చెప్పిన పాపమని దాచుకొను సోదరీమణులను మే మెఱుగుదుము.

ఈ శంక పాపము కాదని మన పెద్దలే చూపియున్నారు. పోతనామాత్యుని భాగవతమున, అష్టమస్కంధములోని గజేంద్రుని తలంపుడు. మకరితో చిరకాలము పోరాడి బలముడిగిన పిమ్మట, ఆ గజరాజు రక్షకుని పిలుచుచునే, అతడు నిజముగా కలడా యని సందేహించెను. పోతన ఆ సందేహమును మరుగుపఱుపక ప్రార్థన నడుమనే నిలిపెను. సందేహించిన నోటితోనే గజేంద్రుడు మరల మొఱపెట్టెను. హరి వచ్చినది ఆ మొఱకే గదా!

కంచెర్ల గోపన్న, అనగా భద్రాచల రామదాసు, 17వ శతాబ్దమువాడు. పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, ప్రభుత్వపు సొమ్ముతో రామాలయము కట్టించి, గోలకొండ చెరసాలపాలయ్యెను. అచట 12 సంవత్సరములు మగ్గెనని చెప్పుదురు. ఆ చెరలో నతడు రాముని స్తుతించుటయే కాదు. చేయించిన నగల లెక్క చెప్పి నిలదీసెను, నిష్ఠూరములాడెను, పిదప తానే నొచ్చుకొని క్షమింపుమని వేడెను. అలిగినను వేఱొకరి వాకిట నిలువలేదు. మనవాడు కానివానితో నెవ్వరైన నిష్ఠూరమాడుదురా?

మా నూజివీటి మామిడితోటలను చూచినను ఈ విషయము కొంత బోధపడును. పూతకు ముందు రెండు మూడు నెలలు కాపుచెట్లకు నీరు పెట్టరు. అప్పుడు తడి యెక్కువైనచో పూతకు మాఱుగా చిగురు వచ్చును. వానకాలమున పుట్టి ముదిరిన రెమ్మలే ఆ యెండుదలలో పూతకు సిద్ధమగును. పిందె నిలిచిన పిదప మరల నీరు కట్టుదురు. కాని లేతమొక్కల కీ నియమము లేదు. నీరందకున్న నవి యెండిపోవును.

మనుష్యులలోను అంతే. మంచి దినములలో చదివిన పద్యము, నేర్చిన పాట వట్టి దినములలో లోపల నిలిచి పనిచేయును. కాని క్రొత్తగా దుఃఖము తగిలినవారు లేతమొక్కలవంటివారు. వారికి ధైర్యవచనములు చెప్పి వెడలిపోరాదు. ప్రక్కన కూర్చుండి, వారు చదువలేని పద్యమును వారికొఱకు మనమే చదువవలెను.

గంటసేపు పూజ సాగనినాడు ఒక్క నామము చాలును. కన్నీరు రాలేదని నొచ్చుకొననక్కఱలేదు. మనసు పలుకకున్న, పలుకుటలేదనియే స్వామితో చెప్పుకొనవచ్చును. అయితే దిగులు రెండు వారములకు మించి విడువక, నిద్రాహారములు తప్పి, బ్రతుకుపై విసువు పుట్టినచో, దానిని భక్తిలోపమని తలంపక వెంటనే వైద్యుని చూడవలెను. వైద్యుని చేతిగుండ వచ్చునదియు దైవసహాయమే.

పూత యెన్నడు వచ్చునో చెట్టునకు తెలియదు. మనకును తెలియదు. అయినను రేపటి దీపమునకు వత్తి ఈ రాత్రియే చేసి యుంచుకొందము. ఆశ యనగా నంతియే.