కమాండ్ లైన్ మాన్యువళ్లు: సూత్రం ఉంది, సంజ్ఞాపరిచ్ఛేదం ఎక్కడ?

విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్రశాస్త్రాల అధ్యయనం చాలాకాలంగా సాగుతోంది. 2014 అక్టోబరు 12న ఈ నగరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుఫానుల గమనాన్ని కంప్యూటరులో పునర్నిర్మించే డబ్ల్యూఆర్ఎఫ్ తరహా నమూనాలు ప్రధానంగా లినక్స్ మీద, కమాండ్ లైన్ ద్వారానే నడుస్తాయి. కనుక ఇటువంటి రంగాల పరిశోధకులకు విషయజ్ఞానంతో పాటు మాన్యువల్ పేజీలు చదివే నేర్పు కూడా అవసరమవుతుంది. ఆ పేజీలు కొరకరాని కొయ్యలు కావడానికి ఆంగ్లమే కారణమన్న భావన పాక్షిక సత్యం మాత్రమే.

యునిక్స్ తొలి మాన్యువల్ 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దానిని ప్రధానంగా బెల్ ల్యాబ్స్ సహోద్యోగుల కోసం రూపొందించారు. తెలిసినవారికి గుర్తుచేయడమే దాని పని. తెలియనివారికి బోధించడం కాదు. ఆ స్వభావం నేటికీ మారలేదు. వాడుకను చూపే పంక్తిలో చదరపు కుండలీకరణాలు ఐచ్ఛికాన్ని, నిలువు గీత వికల్పాన్ని, మూడు చుక్కలు పునరావృత్తిని సూచిస్తాయి. ఇది తెలియని విద్యార్థి కుండలీకరణాలను కూడా టైపు చేస్తాడు. చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని సంజ్ఞాపరిచ్ఛేదంతో ఆరంభించాడు. మాన్యువళ్లలో ఆ పరిచ్ఛేదం లేకపోలేదు. 'మ్యాన్' అనే ఆదేశానికి చెందిన పేజీలోనే ఉంది. అక్కడ వెతకాలని కొత్తవారికి తోచదు.

'టార్' ఉదాహరణ చూడవచ్చు. సి అక్షరం కొత్త సంపుటిని సృష్టిస్తుంది, ఎఫ్ దాని పేరును కోరుతుంది, జెడ్ కుదింపును సూచిస్తుంది. అడ్డగీత లేకుండా ఈ మూడింటినీ ఇదే క్రమంలో కలిపి రాస్తే, ఆ తరువాతి పదం సంపుటి పేరవుతుంది. ముందు అడ్డగీత చేరిస్తే ఎఫ్‌ను అంటిపెట్టుకున్న జెడ్డే పేరుగా మారుతుంది, కుదింపు జరగదు. ఈ భేదం మాన్యువల్‌లో ఉంది, కానీ నిబంధన రూపంలో. ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి: సి, ఎఫ్‌ల తరువాత సంపుటి పేరు ఇవ్వడం మరచి నేరుగా దత్తాంశ ఫైళ్లను పేర్కొంటే, మొదటి ఫైలునే సంపుటిగా భావించి, ఏ హెచ్చరికా లేకుండా దానిలోని సమాచారాన్ని చెరిపి రాస్తుంది. నకలు లేకపోతే నెలల గణన ఫలితం పోయినట్టే.

గ్నోమ్ వంటి చిత్రమయ వేదికలకు తెలుగు అనువాదాలు వచ్చాయి. మెనూలోని మాటకు అనువాదం చాలు. సూత్రప్రాయమైన పేజీని యథాతథంగా తెలుగులోకి మారిస్తే క్లిష్టత తెలుగులోకి వస్తుందంతే. ఆదేశాక్షరాలను అలాగే ఉంచి, ఒక్కొక్క వాడుకకు ఉదాహరణను, పొరపాటు రూపాన్ని, దాని ఫలితాన్ని పక్కపక్కన చూపే వ్యాఖ్యానం ప్రయోగశాల పుస్తకాల్లో చేరవలసి ఉంది.