మీకు తెలుసా? లెపర్డ్ గెకో అనే బల్లి గోడ ఎక్కలేదు!

మన ఇంటి బల్లికి ఉన్నట్టు దీని వేళ్ల కింద అంటుకునే మెత్తలు ఉండవు. అందుకే పెంచేవాళ్లు ఎత్తైన పెట్టె కన్నా విశాలమైన నేల ఉన్నది చూసుకోవాలి. ఇంటి బల్లికి లేని కనురెప్పలు మాత్రం దీనికున్నాయి. కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోతుంది.

అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ వైపు రాతినేలల జీవి ఇది. ఒంటికి కావలసిన వేడి బయటి నుంచే అందాలి. కాబట్టి పెట్టెలో ఒక కొసన సుమారు 32 డిగ్రీల సెల్సియస్, రెండో కొసన 25 ఉంటే, ఎటు వెళ్లాలో అదే తేల్చుకుంటుంది. హీటరుకు థర్మోస్టాట్ తప్పనిసరి, లేకుంటే పొట్ట కాలిపోవచ్చు. రెండు కొసల్లోనూ దాక్కునే గూళ్లు పెట్టాలి. తడిపిన నాచుతో మూడో గూడు కూడా ఉండాలి, దయచేసి దీన్ని మరవకండి. ఆ తేమ అందకపోతే కుబుసం వేళ్లకు బిగుసుకుని, రక్తం ఆడక వేళ్లే ఊడిపోవచ్చు. వదులు ఇసుక వద్దు. పురుగులతో పాటు మింగితే పేగులకు అడ్డుపడవచ్చు.

దీని దగ్గరి బంధువు యూబ్లెఫారిస్ పిక్టస్ మన తూర్పు కనుమల్లోనే ఉంది. 2022లో కొత్త జాతిగా గుర్తించారు. కనిపిస్తే చూసి ఆనందించండి, పట్టి ఇంటికి తేకండి.