పనిలోంచి పుట్టిన పందెం

చల్లపల్లి వైపు ఎడ్ల బండలాగుడు పోటీలంటే అందరికీ తెలుసు. బరువు లాగడం ఎద్దు రోజూ చేసే పనే. ఆ పనే పండుగకు పందెమైంది. అమెరికాలో ఒక గుర్రాల పందెం కూడా ఇలాగే పుట్టింది.

అక్కడి పశువుల కాపరులను కౌబాయ్‌లు అంటారు. వాళ్లు గుర్రమెక్కి పెద్ద పెద్ద మందలను కాసేవారు. ఒక చేత్తో కళ్లెం, రెండో చేత్తో తాడు పట్టేవారు. ఈ స్వారీకి వెస్టర్న్ స్వారీ అని పేరు.

మందలో ఒక దూడకు జబ్బు చేసింది. దాన్ని విడదీయాలి. ఎలా? ఆ పనే 'కటింగ్' పోటీ. 1946లో టెక్సాస్ రాష్ట్రంలో దీనికి సంఘం పెట్టారు.

పోటీకి 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు ఇస్తారు. రౌతు ఒక దూడను మందలోంచి బయటికి తెస్తాడు. వెంటనే కళ్లెం వదులు చేస్తాడు. దూడ మళ్లీ మందలోకి పరుగెత్తబోతుంది. అది ఎటు తిరిగితే గుర్రం అటు తిరిగి అడ్డం నిలుస్తుంది. రౌతు కళ్లెం లాగి నడిపితే మార్కులు పోతాయి. దూడ మందలో కలిసిపోతే ఇంకా ఎక్కువ పోతాయి.

ఇది చర్నాకోలతో వచ్చే విద్య కాదు. రోజూ ఓర్పుగా నేర్పాలి. ఎద్దయినా, గుర్రమైనా అంతే.