ఉమ్మడి స్టోరేజీ కొంటున్నారా? రెండో ప్రతికీ చోటు చూడండి

చిన్న సంస్థలు సమాచార భాండాగారాన్ని ఎంచుకోవడంలో పాటించాల్సిన మెలకువలు

పెళ్లి ఫొటోలు తీసే స్టూడియో, వ్యాపారుల పద్దులు చూసే ఆడిటర్ కార్యాలయం, స్కానింగ్ కేంద్రం, రైసుమిల్లు గుమాస్తా గది... జిల్లా కేంద్రాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ ఇప్పుడు నాలుగైదు కంప్యూటర్లపై నడిచే సంస్థలు సాధారణమయ్యాయి. వాటితోపాటే ఒక చిక్కూ వచ్చింది. ఏ దస్త్రం ఏ కంప్యూటర్‌లో ఉందో వెతుక్కోవాలి. పెన్‌డ్రైవులో అటూ ఇటూ మోయాలి. చివరకు ఒకే పద్దుకు మూడు ప్రతులు తయారై, ఏది తాజాదో తెలియని పరిస్థితి. దీనికి పరిష్కారమే ఉమ్మడి స్టోరేజీ. పలు హార్డ్‌డిస్కులను ఒకే పెట్టెలో అమర్చి, కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ దాన్నే వాడుకునేలా చేసే ఏర్పాటు ఇది.

అయితే సమాచారమంతా ఒకచోట చేర్చితే ముప్పు కూడా ఒకచోటే చేరుతుంది. పోయిన బిల్లును మళ్లీ రాయించుకోవచ్చు. తాళి కట్టిన క్షణాన్ని మళ్లీ ఫొటో తీయలేం. కాబట్టి పెట్టె ఎంపికలో మొదటి ప్రశ్న ‘ఎన్ని టీబీలు?’ అన్నది కాదు. ‘ఈ పెట్టె రేపు పనిచేయకపోతే ఎల్లుండి పని సాగుతుందా?’ అన్నది.

నాస్ చాలునా... శాన్ కావాలా?

మార్కెట్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది నాస్. ఇది నెట్‌వర్క్ తీగకు తగిలించే పెట్టె. కంప్యూటర్లకు ఉమ్మడి ఫోల్డరుగా కనిపిస్తుంది. ఎవరు ఏ ఫోల్డరు చూడాలి, ఎవరు మార్చాలి అన్న హద్దులు పెట్టుకోవచ్చు. సైనాలజీ, క్యూనాప్ వంటి సంస్థలు 2, 4 డిస్కుల గళ్లతో వీటిని తయారు చేస్తున్నాయి. డిస్కులతో కలిపినా చిన్న నాస్ ధర వేలల్లోనే ఉంటుంది.

రెండోది శాన్ తరహా స్టోరేజీ ఎర్రే. ఇది ఫోల్డరుగా కాక సర్వర్‌కు సొంత డిస్కులా కనిపిస్తుంది. డెల్ పవర్‌వాల్ట్, హెచ్‌పీఈ ఎంఎస్ఏ శ్రేణులు ఈ కోవలోవి. వీటిలో రెండు కంట్రోలర్లు, రెండు పవర్ సప్లైలు పెట్టుకోవచ్చు. ఒకటి చెడినా మరొకటి పని కొనసాగిస్తుంది. ధర లక్షల్లో ఉంటుంది. రెండు మూడు సర్వర్లపై వర్చువల్ యంత్రాలు నడిపే ఆస్పత్రి, ఒక్క గంట ఆగినా నష్టపోయే సంస్థ దీన్ని ఆలోచించాలి. దస్త్రాలు పంచుకోవడమే అవసరమైన పదిమంది కార్యాలయానికి నాస్ సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. నాస్ పెట్టెల్లోనూ ‘ఐస్కజీ’ పద్ధతిలో సొంత డిస్కులా వాడుకునే వీలుంటుంది. అలా కేటాయించిన ఒకే భాగాన్ని, తగిన క్లస్టర్ ఏర్పాటు లేకుండా రెండు కంప్యూటర్లకు తగిలిస్తే ఒకదాని రాతలను మరొకటి చెరిపేస్తుంది. దస్త్రాలు పంచుకోవడానికి ఉమ్మడి ఫోల్డరే మార్గం.

సాఫ్ట్‌వేర్ సంగతీ ముందే చూసుకోవాలి. ఉదాహరణకు టాలీలో ఒకేసారి పలువురు పనిచేయాలంటే బహుళ వినియోగదారుల గోల్డ్ లైసెన్సు కావాలి. స్టోరేజీ పెట్టె కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు.

లెక్క ఇలా వేయాలి

ఒక స్టూడియోను ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో పెళ్లికి ఫొటోలు, వీడియో కలిపి 150 జీబీ అనుకుందాం. ఏడాదికి 40 పెళ్లిళ్లయితే 6,000 జీబీ, అంటే 6 టీబీ. రెండేళ్లపాటు ఉంచాలంటే 12 టీబీ. పెరుగుదలకు మరో పావు వంతు కలిపితే 15 టీబీ కావాలి.

పెట్టెపై రాసిన టీబీలన్నీ చేతికి రావు. 8 టీబీల డిస్కులు 4 కొంటే మొత్తం 32 టీబీ. ఒక డిస్కు చెడినా తట్టుకునే రెయిడ్-5 పద్ధతిలో వాడుకోదగినది 24 టీబీ. రెండు డిస్కులు చెడినా తట్టుకునే రెయిడ్-6లో 16 టీబీ. డిస్కు తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తారు కాబట్టి ఆ 16 టీబీ తెరపై 14.5 టీబీగా కనిపిస్తుంది. డిస్కులో లోపమున్నట్లు కంగారు పడనక్కర్లేదు.

పద్దులు, రిటర్నులు మాత్రమే ఉండే ఆడిటర్ కార్యాలయానికి ఇంత అవసరం ఉండదు. రెండు గళ్ల పెట్టె, ఒకదానికొకటి నకలుగా ఉండే రెండు డిస్కులు చాలు. దీన్నే రెయిడ్-1 అంటారు.

రెయిడ్ ఉంటే ధీమా వద్దు

అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ 1988లో రెయిడ్ విధానాన్ని ప్రతిపాదించారు. చౌక డిస్కులను కలిపి వాడుతూ, ఒకటి చెడినా సమాచారం నిలిచేలా చేయడం అందులోని కిటుకు. ఇది డిస్కు మరణం నుంచి కాపాడుతుంది. అంతవరకే. ఉద్యోగి పొరపాటున ఫోల్డరు తొలగిస్తే, వైరస్ సోకితే, పెట్టె దొంగతనానికి గురైతే రెయిడ్ ఏమీ చేయలేదు. తొలగింపు ఆదేశం అన్ని డిస్కులకూ ఒకేసారి అమలవుతుంది.

డిస్కు మార్చిన తర్వాతా గండం తీరదు. 8 టీబీల కొత్త డిస్కును సెకనుకు 150 ఎంబీ చొప్పున నింపినా దాదాపు 15 గంటలు పడుతుంది. పనివేళల్లోనైతే ఇంకా ఎక్కువ. ఆ సమయమంతా మిగిలిన డిస్కులపై భారం పెరుగుతుంది. రెయిడ్-5లో అప్పుడు మరో డిస్కు చెడితే మొత్తం పోతుంది. పెద్ద డిస్కులకు రెయిడ్-6 మేలనేది ఇందుకే.

కావాల్సింది విడిగా ఉండే రెండో ప్రతి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం అందరికీ వర్తిస్తుంది. సమాచారానికి 3 ప్రతులు, 2 రకాల సాధనాలపై, 1 ప్రతి వేరే చోట. నాస్‌తో పాటు రెండు బయటి హార్డ్‌డిస్కులు కొని, వారానికొకటి మార్చుతూ ఒకదాన్ని యజమాని ఇంట్లో ఉంచినా ఈ సూత్రానికి దగ్గరగా వచ్చినట్లే.

ఇంటర్నెట్‌కు తలుపు తీయొద్దు

ఇంటి నుంచి దస్త్రాలు చూసుకోవచ్చన్న ఆశతో నాస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం ప్రమాదకరం. 2022 జనవరిలో ‘డెడ్‌బోల్ట్’ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోకి చొరబడి, దస్త్రాలకు తాళం వేసి, బిట్‌కాయిన్ రూపంలో సొమ్ము డిమాండ్ చేసింది. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపిన ‘వాన్నాక్రై’ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లనూ తాకింది. విండోస్‌లోని ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే మరమ్మతు విడుదల చేసింది. వేసుకున్నవారు బయటపడ్డారు.

బయటి నుంచి చూడాల్సిన అవసరం ఉంటే వీపీఎన్ ద్వారానే చూడాలి. పెట్టెతో వచ్చిన ‘అడ్మిన్’ ఖాతాను నిలిపివేయాలి. అప్‌డేట్లు వాయిదా వేయరాదు. దస్త్రాల పాత స్థితిని గుర్తుపెట్టుకునే ‘స్నాప్‌షాట్’ సౌకర్యం ఉన్న మోడల్‌నే ఎంచుకోవాలి. బయటి హార్డ్‌డిస్కును కాపీ పూర్తికాగానే తీసివేయాలి. తగిలించి ఉంచితే దానికీ తాళం పడుతుంది.

డిస్కు రకం, స్విచ్ వేగం

సాధారణ కంప్యూటర్ డిస్కులు చౌకైనా, పగలూ రాత్రీ తిరిగే పెట్టెకు సరిపడవు. నాస్ కోసమే తయారైన వాటిని తీసుకోవాలి. అందులోనూ రాత పద్ధతి ‘సీఎంఆర్’ అయినవి కావాలి. ‘ఎస్ఎంఆర్’ డిస్కులు రెయిడ్ పునర్నిర్మాణ సమయంలో బాగా నెమ్మదిస్తాయి. వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్ కోసం అమ్మిన రెడ్ శ్రేణిలోని కొన్ని డిస్కులు ఎస్ఎంఆర్ రకమేనని 2020లో బయటపడి వివాదమైంది. పేరును నమ్మక, మోడల్ నంబరుతో రకాన్ని సరిచూసుకోవాలి.

పెట్టె ఏ డిస్కులను అంగీకరిస్తుందో కూడా అడగాలి. సైనాలజీ 2025లో తన కొత్త ప్లస్ శ్రేణి పెట్టెలకు తాను ఆమోదించిన డిస్కులే వాడాలని షరతు పెట్టి, విమర్శలు రావడంతో అదే ఏడాది అక్టోబరులో సడలించింది.

వేగం పెట్టెలోనే ఉండదు. గిగాబిట్ స్విచ్ ఉంటే సెకనుకు సుమారు 110 ఎంబీ వెళుతుంది. మన స్టూడియో 150 జీబీ పెళ్లిని 23 నిమిషాల్లో పెట్టెలోకి చేర్చవచ్చు. మూల పడేసిన పాత 100 మెగాబిట్ స్విచ్‌పై అదే పనికి నాలుగు గంటలకు చేరువవుతుంది. కొత్త పెట్టెకు పాత స్విచ్ తగిలించి ‘నెమ్మదిగా ఉంది’ అనడం సరికాదు. పలువురు ఒకేసారి చిన్నచిన్న రికార్డులు రాసే డేటాబేస్ అయితే తిరిగే డిస్కుల బదులు ఎస్ఎస్‌డీలు వాడటం మంచిది.

కరెంటు, నీరు, చట్టం

కరెంటు కోతలు, వోల్టేజీ హెచ్చుతగ్గులు ఉండే చోట యూపీఎస్ తప్పనిసరి. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో నాస్‌కు కలిపితే, బ్యాటరీ అడుగంటే ముందే పెట్టె తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. రాస్తుండగా కరెంటు పోతే దస్త్రాలు చెడే ప్రమాదం ఉంది.

పెట్టెను నేలపై ఉంచరాదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. అటువంటి వేళ అసలు పెట్టె, రెండో ప్రతి ఒకే గదిలో ఉంటే రెండూ మునుగుతాయి. రెండో ప్రతి మరో వీధిలోనో, మరో ఊళ్లోనో ఉండాలి.

చట్టం దృష్ట్యా కూడా ఇది ఐచ్ఛికం కాదు. జీఎస్టీ చట్టం ప్రకారం పద్దులను, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. కంపెనీలుగా నమోదైన సంస్థలు 8 ఆర్థిక సంవత్సరాల పుస్తకాలు ఉంచాలి. కంప్యూటర్‌లో పద్దులు రాసే కంపెనీలు భారత్‌లోని సర్వర్‌పై ప్రతిరోజూ బ్యాకప్ తీయాలని 2022 ఆగస్టులో నిబంధన సవరించారు.

సొమ్ము సరిపోకుంటే...

చేతిలో ఉన్న మొత్తానికి పెద్ద పెట్టె ఒక్కటే వస్తుందనుకుంటే దాన్ని కొనకపోవడమే మంచిది. ఒక మెట్టు కింది పెట్టె, దానితోపాటు రెండు బయటి డిస్కులు, యూపీఎస్, గిగాబిట్ స్విచ్ తీసుకోవాలి. నాలుగు గళ్ల పెట్టె కొని ముందు రెండు డిస్కులతో మొదలుపెట్టి, తర్వాత పెంచుకునే వీలు పలు మోడళ్లలో ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే, చెడిన డిస్కుల నుంచి సమాచారం వెలికితీసేందుకయ్యే ఖర్చు ఈ మొత్తాన్ని మించిపోవచ్చు. అంత వెచ్చించినా దొరుకుతుందన్న హామీ లేదు.

కొనే ముందు దుకాణదారును అడగండి

* వారంటీ ఎన్నేళ్లు? పెట్టెకు, డిస్కులకు విడివిడిగా ఉందా?

* డిస్కు చెడితే మార్పిడి ఎన్ని రోజుల్లో? పాత డిస్కు ఇవ్వకుండా కొత్తది పొందే వీలుందా?

* పెట్టె బోర్డు చెడితే డిస్కులను మరో పెట్టెలో పెట్టి తెరవవచ్చా?

* ఈ మోడల్‌కు భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం వస్తాయి?

* డిస్కు చెడినప్పుడు ఫోన్‌కు, మెయిల్‌కు హెచ్చరిక వచ్చేలా అమర్చి ఇస్తారా?

పెట్టె అమర్చిన రోజే ఒక పరీక్ష చేయాలి. ఒక ఫోల్డరును కావాలని తొలగించి, రెండో ప్రతి నుంచి తిరిగి తెప్పించమని దుకాణం మనిషినే కోరాలి. అది తెరపైకి తిరిగి వచ్చి, దస్త్రాలు తెరుచుకున్నాకే బిల్లు చెల్లించాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి సిబ్బందే ఆ పరీక్ష చేస్తుండాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించలేం.