గడియారమును దిద్దునది యేది?

విద్యార్థులారా! పాఠశాల గంటను గడియారమును జూచియే మ్రోగింతురు. ఆ గడియారము తప్పినచో మఱియొక గడియారముతో సరిచేయుదుము. ఆ రెండవదియు తప్పినచో దేనిని నమ్మవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న మొదట గడియారపు పని తెలియవలెను.

క్రిందికి దిగెడు బరువుగాని చుట్టిన స్ప్రింగుగాని గడియార చక్రములను త్రిప్పును. లోలకము ఊగినప్పుడెల్ల చక్రమును కొంచెము మాత్రమే ముందునకు సాగనిచ్చి వేగమును క్రమపఱచును. సుమారు 39 అంగుళముల లోలకము ఒక వైపునుండి మఱియొక వైపునకు ఒక సెకండులో పోవును. పొడవు హెచ్చినకొలది మెల్లగా నూగును. కావుననే వేసవిలో దాని ఇనుపకడ్డీ సాగి గడియారము వెనుకబడును. 10 సెంటిగ్రేడు డిగ్రీల వేడి హెచ్చినచో దినమునకు సుమారు 5 సెకండ్లు నష్టమగును.

అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమునందలి గ్రాఫ్టను గ్రామమున విల్లార్డు కుటుంబపు సోదరులు బెంజమిన్, సైమన్, ఎఫ్రయీము, ఆరన్ అనువారు ఈ విద్యలో ప్రసిద్ధులైరి. వారిలో సైమన్ (1753-1848), నిలువెత్తు పెట్టె అక్కఱలేక గోడకు తగిలింపదగిన చిన్న గడియారమును కల్పించి 1802లో పేటెంటు పొందెను. అయినను ఎంత నేర్పరి చేసిన గడియారమైనను తనంతట తాను మధ్యాహ్నమెప్పుడో యెఱుగదు. దానికి ఆకాశమే గురువు.

ఆ గురువు నాశ్రయించిన కుటుంబ మొకటి మన ప్రాంతముననే యుండెను. విశాఖపట్టణమునకు చెందిన గోడే వేంకట జగ్గారావుగారు (1817-1856) మదరాసు వేధశాలాధికారియగు టేలరుగారియొద్ద ఖగోళశాస్త్ర మభ్యసించి, 1840 ప్రాంతమున తమ గృహప్రాంగణమునందే వేధశాలను నెలకొల్పిరి. వారి యనంతరము అల్లుడు అంకితము వేంకట నరసింగరావుగారు (1827-1892) దానిని పోషించిరి. 1868 ఆగష్టు 18వ తేదీ సూర్యగ్రహణమును, 1874 డిసెంబరు 9వ తేదీని శుక్రుడు సూర్యబింబమును దాటుటను వారు పరిశీలించిరి.

పూర్వము వేధశాలలలో గడియారమును దిద్దిన విధమిది. ఉత్తర దక్షిణములుగా మాత్రమే తిరుగు దూరదర్శినియందు సన్నని తీగ యొకటి నిలువుగా నుండెడిది. నక్షత్రమా తీగను దాటు క్షణమును గడియారముతో పోల్చెడివారు. లెక్కప్రకారము రావలసిన సమయమునకును గడియారము చూపిన సమయమునకును గల భేదమే గడియారపు తప్పు. ఆ కాలమున శుక్రగమనమును వేర్వేఱు దేశములనుండి కొలిచి సూర్యుని దూరమును గణించెడివారు గనుక, అచ్చట కొన్ని సెకండ్ల పొరపాటైనను ఫలితమును చెఱచెడిది.

భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. అందుచే విశాఖపట్టణమున మధ్యాహ్నము మదరాసుకంటె సుమారు 12 నిమిషములు ముందుగా నగును. 1906 మొదలు మన దేశమున 82½ డిగ్రీల రేఖననుసరించి కాలమును గణించుచున్నారు. చీపురుపల్లి దానికి తూర్పుననున్నందున, ఇచ్చట సూర్యుడు సగటున 12 గంటలకు 4 నిమిషములు ముందే నడినెత్తికి వచ్చును. భూమి సూర్యుని చుట్టు తిరుగు గతిచే ఇది ఋతువులనుబట్టి పావుగంటవఱకు మాఱును.

దీనిని పరీక్షించుటకు ధనము వలదు. ఎండలో నిట్టనిలువుగా కఱ్ఱ నొకటి నాటి, నీడ మిక్కిలి పొట్టియైన క్షణమును వారమున కొకమారు వ్రాసికొనుడు. సంవత్సరాంతమున మీ పుస్తకమే గడియారపు తప్పును మీకు బోధింపగలదు.